ప్రతిభాపరీక్షకుడు రెడ్ ఔర్‌బాక్

రత్నములను పరీక్షించుటకు శాస్త్రమున్నది. అశ్వములను పరీక్షించుటకు శాస్త్రమున్నది. బంగారమును ఒరగల్లుపై గీచి దాని వన్నె చెప్పగల నేర్పరులు ప్రతి పట్టణమునను గలరు. కాని యిరువదియేండ్ల యువకుని ఎదుట నిలిపి, పదేండ్ల పిమ్మట ఇతడు ఏమగునో చెప్పుడని అడిగినచో తప్పక చెప్పగల శాస్త్రము ఇంతవఱకు పుట్టలేదు. నేటి రత్నము రేపును రత్నమే. మనుష్యుడు అట్టివాడు కాడు. అతడు పెరుగును, మాఱును, భయపడును, గర్వించును. ఒక్కొకప్పుడు ఒక్క రాత్రిలో సర్వమును పోగొట్టుకొనును. ఉపాధ్యాయులకు ఈ సంగతి క్రొత్తది కాదు. మొదటి బల్లపై కూర్చున్నవాని యెడల పెట్టుకొన్న ఆశ వమ్మగుటయు, చివరి బల్లపై నున్నవాడు పెద్దవాడై తమ్మును ఆశ్చర్యపఱచుటయు వారు తఱచుగా చూచుచున్నదే.

ఈ కష్టమైన పరీక్షనే తన వృత్తిగా చేసికొని అర్ధశతాబ్దమునకు పైగా సాగించిన వ్యక్తి అమెరికా దేశస్థుడైన ఆర్నాల్డ్ జేకబ్ ఔర్‌బాక్. జుట్టు ఎఱ్ఱనిదగుటచే చిన్ననాటి నుండియు అందఱును ఆయనను రెడ్ అని పిలిచిరి. బాస్కెట్‌బాల్ క్రీడలో బాస్టన్ నగరపు సెల్టిక్స్ జట్టునకు ఆయన మొదట శిక్షకుడుగను, పిదప కార్యనిర్వాహకుడుగను, అధ్యక్షుడుగను పని చేసెను. 1957 మొదలు 1986 వఱకు ఆ జట్టు పదునాఱు పర్యాయములు విజేతయయ్యెను. ఆ పదునాఱు విజయముల వెనుకను ఆయన యెన్నిక గలదు. ఆయన జీవితములోని మిక్కిలి పెద్ద దుఃఖము వెనుకను ఆయన యెన్నికయే గలదు.

ఔర్‌బాక్ 1917వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ ప్రాంతమున జన్మించెను. తండ్రి హైమన్ నాటి రష్యా సామ్రాజ్యములోని మిన్‌స్క్ పట్టణము నుండి వలస వచ్చిన యూదుడు. బట్టలు శుభ్రపఱచు దుకాణము పెట్టుకొని సంసారమును ఈదినవాడు. పచ్చిక బయళ్ళు లేని ఆ పేటలలో బిడ్డలకు సిమెంటు నేల, గోడకు బిగించిన ఇనుపచట్రము, ఒక బంతి చాలును. ఔర్‌బాక్ ఆ యాటలోనే పెరిగి, ఆ యాట మూలముననే వాషింగ్టన్ నగరములోని జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున చదువుకొనగలిగెను. అచట ఆయనకు గురువు బిల్ రైన్‌హార్ట్. బంతి చిక్కిన తక్షణమే ప్రత్యర్థులు కుదురుకొనకమునుపే ముందునకు దూకి ఆడు వేగవంతమైన పద్ధతిని శిష్యులకు నేర్పినవాడు. ఆ పద్ధతియే తరువాత శిష్యుని చేతిలో ఆయుధమయ్యెను. ఆ గురువు చెప్పిన మఱియొక్క మాట శిష్యుని జీవితమునే మార్చెను. ఆ సంగతి ముందు రాగలదు.

ఔర్‌బాక్ 1940లో పట్టభద్రుడై, 1941లో ఎం.ఏ. పట్టమును పొందెను. ఆ యేడే డొరోతీ లూయిస్ అను యువతిని వివాహమాడెను. వారికి ఇద్దఱు కుమార్తెలు. మొదట ఆయన వాషింగ్టన్‌లో పాఠశాల ఉపాధ్యాయుడు. పాఠము చెప్పుచు, సాయంకాలము బాలురకు ఆట నేర్పుచు రెండేండ్లు గడపెను. 1943 నుండి 1946 వఱకు నౌకాదళమున పని చేసెను. యుద్ధానంతరము 1946లో వృత్తి బాస్కెట్‌బాల్ సంఘము క్రొత్తగా ఏర్పడగా, ముప్పది యేండ్లు నిండని యీ పాఠశాల శిక్షకుడు వాషింగ్టన్ జట్టు యజమానిని ఒప్పించి ఆ పదవిని సంపాదించెను. సైన్యమున తాను కన్నులార చూచిన ఆటగాండ్రను ఏరి తెచ్చెను. మొదటి యేటనే ఆ జట్టు 49 పోటీలు గెలిచి పదునొకండు మాత్రమే ఓడెను. పేరు గలవానిని గాక, తాను చూచినవానిని నమ్ముట ఆయన వ్రతమని నాడే తేలెను. పిమ్మట ట్రైసిటీస్ జట్టున ఒక యేడు పని చేసి, యజమాని తన్ను అడుగకయే ఒక ఆటగానిని మార్చివేసెనన్న కోపముతో ఆ కొలువు విడిచెను. 1950లో బాస్టన్ యజమాని వాల్టర్ బ్రౌన్ ఆయనను పిలిచెను. ముందటి యేట ఆ జట్టు గెలిచినవి 22, ఓడినవి 46.

ఇచట అమెరికాలోని డ్రాఫ్టు అను పద్ధతిని కొంచెము తెలిసికొనవలెను. కళాశాలలలో ఆడి పేరు పొందిన యువకులను వృత్తి జట్లు ఏటేట సమావేశమై వంతుల వారీగా ఎన్నుకొనును. తొలినాళ్ళలో ముందటి యేట అడుగున నున్న జట్టునకు ముందు వంతు దక్కుచుండెను. గెలిచిన జట్టునకు చివరి వంతు. బలహీనులను బలవంతులతో సమానము చేయుటకు ఏర్పడిన పద్ధతి యిది. ఒక జట్టు కోరుకొనిన యువకునితో మఱియొక జట్టు బేరము సాగింపరాదు. తమ వంతునే ఇతర జట్టునకిచ్చి, మాఱుగా ఆటగానిని పుచ్చుకొనవచ్చును. ఎన్నిక కొన్ని నిమిషములలో ముగియును; దాని ఫలము తేలుటకు ఐదాఱేండ్లు పట్టును. ఎన్నుకొనువాడు చూచునది కళాశాల ఆటను. కొనుచున్నది మాత్రము ఆ యువకుని రాబోవు కాలమును.

ఔర్‌బాక్ బాస్టన్ జీవితము పెద్ద పొరపాటుతో మొదలయ్యెను. బాస్టన్‌కు చేరువనున్న హోలీక్రాస్ కళాశాలలో బాబ్ కూజీ అను యువకుడు ప్రజల కన్నుల పండువుగా ఆడుచుండెను. అతనిని తీసికొనవలెనని నగరమంతయు కోరెను. ఔర్‌బాక్ అంగీకరింపలేదు. వీపు వెనుక నుండి బంతి విసరు విద్యలన్నియు ప్రదర్శనకు పనికివచ్చునే కాని పోటీకి పనికిరావని ఆయన తలంపు. పొడగరి కావలెనని చార్లీ షేర్ అను వానిని కోరుకొనెను. కూజీని ట్రైసిటీస్ ఎన్నుకొని షికాగో జట్టునకు ఇచ్చివేసెను. ఆ షికాగో జట్టు మూతపడెను. మిగిలిన ముగ్గురు ఆటగాండ్రను మూడు జట్లకు పంచుటకై పేర్లు టోపీలో వేసి తీయగా, బాస్టన్‌కు వచ్చిన చీటీ కూజీది. అప్పటికిని ఎవరికిని సంతోషము లేదు. కాని వలదన్న ఆ యువకుడే పదుమూడేండ్లు బాస్టన్‌కు ఆడెను. తోటివారికి బంతినందించి గెలుపు కూర్చుటలో వరుసగా ఎనిమిదేండ్లు సంఘమంతటను మొదటివాడుగా నిలిచెను. ఆఱు విజయములలో భాగస్వామి యయ్యెను. కోరి తెచ్చుకొన్న షేర్ బాస్టన్‌కు ఒక్క పోటీయు ఆడలేదు. అతనిపై గల హక్కును ఫోర్ట్‌వేన్ జట్టునకిచ్చి, మాఱుగా బిల్ షార్మన్ అను మేటి గురికానిని పొందుట మాత్రము ఔర్‌బాక్ నేర్పు. తప్పు చేయనివాడని గాక, చేసిన తప్పును పట్టుకొని వ్రేలాడనివాడని ఆయనను మెచ్చుకొనవలెను. కూజీ ఆట చూచిన పిదప ఆయన తన అభిప్రాయమును మార్చుకొని, జట్టునంతను అతని చేతి చుట్టును అల్లెను.

ఆ యేటి డ్రాఫ్టులోనే మఱియొక విశేషము జరిగెను. అంతవఱకు నల్లజాతి యువకుని ఏ జట్టును ఎన్నుకొనలేదు. బాస్టన్ రెండవ విడతలో డూకేన్ విశ్వవిద్యాలయపు చక్ కూపరును కోరుకొనెను. భారతమున ద్రోణుడు ఏకలవ్యుని విద్యను చూడలేక కాదు, పుట్టుకను చూచి త్రోసిపుచ్చెను. అమెరికాలోను చాల కాలము పరీక్షకుల కన్నులకు వర్ణమే అడ్డమై నిలిచెను. ఆ అడ్డమును తొలగించుకొన్న వానికి ఇతరులు విడిచిన మాణిక్యములు దొరకుట వింత కాదు.

ఔర్‌బాక్ ఎన్నికలలో తలమానికము బిల్ రస్సెల్. ఓక్లండ్ నగరములో ఉన్నత పాఠశాలలో నుండగా ఈ బాలుని గొప్ప ఆటగాడని ఎవరును అనుకొనలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయమొక్కటియే అతనికి ఉపకారవేతన మిచ్చెను. అచట అతడు జట్టును 1955లోను, 1956లోను జాతీయ విజేతగా నిలిపెను. అయినను పలువురు సందేహించిరి. రస్సెల్ గురి అంత నమ్మదగినది కాదు. బంతిని బుట్టలో వేయలేని పొడగరి యెందుకని వారి ప్రశ్న. పాత గురువు రైన్‌హార్ట్ మాత్రము రస్సెల్ ఆటను తొలినాళ్ళలోనే చూచి, ఎట్లయినను వానిని సంపాదింపుమని ఔర్‌బాక్‌నకు చెప్పియుండెను. ప్రత్యర్థి వేయబోవు బంతిని అడ్డుకొనుట, జాఱిన బంతిని పట్టి ముందునకు అందించుట అను రెండు పనులలో రస్సెల్‌నకు సాటి లేదు. వేగపు ఆటకు తొలి మెట్టు ఆ బంతిని పట్టుటయే గదా! ఇతరులు లెక్కల పట్టికలో గుఱుతులను వెదకిరి; ఔర్‌బాక్ తన జట్టులోని లోటును వెదకెను.

ఆ హక్కునకు ఆయన చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. 1956 డ్రాఫ్టులో మొదటి వంతు రోచెస్టర్‌ది, రెండవది సెయింట్ లూయిస్‌ది. సెయింట్ లూయిస్‌నకు ఎడ్ మెకాలే, క్లిఫ్ హేగన్ అను ఇద్దఱిని ఇచ్చి ఆ రెండవ వంతును పుచ్చుకొనెను. ఆ యిద్దఱును తరువాత క్రీడాకీర్తిమందిరమున చేరిన మేటులే. రోచెస్టర్ వేఱొకనిని కోరుకొనగా రస్సెల్ బాస్టన్‌కు దక్కెను. మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకము గెలిచి డిసెంబరులో జట్టున చేరినవాడు, 1957 ఏప్రిల్ 13న తొలి విజయమును చేకూర్చెను. ఆ తుదిపోటీ రెండు పర్యాయములు అదనపు కాలమునకు సాగి, 125–123 అంకెలతో ముగిసెను. మఱుసటి యేట రస్సెల్ కాలు బెణుకగా సెయింట్ లూయిస్ గెలిచెను. అటుపై 1959 నుండి 1966 వఱకు ఎనిమిదేండ్లు వరుసగా బాస్టన్‌దే విజయము.

ఇందు గ్రహింపవలసిన రహస్యమొకటి గలదు. రస్సెల్ చేరిన తొలిదినములలోనే, బుట్టలో బంతి వేయుటను గూర్చి చింతింపవలదనియు, జీతము అంకెలను బట్టి నిర్ణయింపబడదనియు ఔర్‌బాక్ అతనికి అభయమిచ్చెను. అతనిలో లేనిదానిని అడుగలేదు. ఉన్నదానికి చోటు కల్పించెను. ఎన్నుకొనుటతో పరీక్షకుని పని సగమే తీఱును. ఎన్నుకొన్నవానికి తగిన స్థానము చూపుట రెండవ సగము.

సామ్ జోన్స్ కథయు ఇట్టిదే. 1957లో విజేత యగుటచే బాస్టన్‌కు మొదటి విడతలో చివరి వంతు వచ్చెను. ఉత్తర కరోలినాలోని నల్లజాతివారి చిన్న కళాశాలలో చదువుచున్న ఈ యువకుని ఔర్‌బాక్ స్వయముగా చూడనే లేదు. నమ్మదగిన మిత్రుడు చెప్పిన మాటపై తీసికొనెను. అతడు పది విజయములలో పాల్గొనెను. 1962లో మఱల చివరి వంతున దొరికినవాడు జాన్ హావ్లిచెక్. ఒహాయో కళాశాల జట్టులో పేరంతయు వేఱొకనిదై, ఇతడు రక్షణభారము వహించుచుండెను. బాస్టన్‌లో మొదటి ఐదుగురిలో నిలుపక, ఆట నడుమ అలసిన ప్రత్యర్థులపైకి ఆఱవవానిగా ఇతనిని పంపుచుండిరి. పదునాఱేండ్లు ఆడి 26,395 అంకెలు సంపాదించి, జట్టు చరిత్రలో అగ్రస్థానమందెను. 1964 డిసెంబరు 26న ఐదుగురు నల్లజాతి ఆటగాండ్రను ఒక్కసారిగా బరిలో నిలిపి ఔర్‌బాక్ ఆట మొదలుపెట్టించెను. సంఘచరిత్రలో అది ప్రథమము. 1966లో శిక్షకపదవిని విడుచుచు దానిని రస్సెల్‌నకే అప్పగించెను. నల్లజాతివాడు ఆ పదవిని అధిష్ఠించుటయు అదియే ప్రథమము.

ఇట్లని ఔర్‌బాక్ సాధుమూర్తి యని తలంపరాదు. న్యాయనిర్ణేతలపై కేకలు వేసి జరిమానాలు చెల్లించెను. విజయము ఖాయమని తోచగానే బల్లపై కూర్చుండియే చుట్ట వెలిగించి ప్రత్యర్థుల గుండెలు మండించెను. ఎన్నికలన్నియు ఫలించినవనియు తలంపరాదు. 1963లో మొదటి విడతలో ఆయన కోరుకొన్న యువకుడు ఆటలో దిట్ట. కాని విమానయానమనిన అతనికి భయము. ఊరూర తిరిగి ఆడవలసిన వృత్తి అది. అతడు ఒక్క పోటీయు ఆడకయే విరమించుకొని, వేఱుదారిని జీవించెను. ఎత్తును కొలిచిరి, వేగమును కొలిచిరి. భయమును కొలుచువారు లేకపోయిరి.

కార్యనిర్వాహకుడైన పిదప ఆయన చూపు ఇంకను దూరమునకు సాగెను. లారీ బర్డ్ అను పల్లెటూరి యువకుడు 1974లో ఇండియానా విశ్వవిద్యాలయమున చేరి, ఆ పెద్ద వాతావరణమున ఇముడలేక నెల తిరుగకముందే ఇల్లు చేరెను. స్వగ్రామమున చెత్తబండి పని కూడ చేసెను. పిమ్మట వేఱొక కళాశాలలో చేరి రాణించెను. 1978లో అతడు డ్రాఫ్టునకు అర్హుడయ్యెను గాని, ఇంకొక్క యేడు కళాశాలలోనే ఆడుటకు నిశ్చయించుకొనెను. ఏడాది ఆగవలెనని ఐదు జట్లు వెనుకాడెను. ఔర్‌బాక్ ఆఱవ వంతున అతనిని కోరుకొని వేచియుండెను. 1978–79లో 29 పోటీలు మాత్రమే గెలిచిన బాస్టన్, బర్డ్ వచ్చిన యేట 61 గెలిచెను. 1980లో మొదటి వంతును, పదుమూడవ వంతును గోల్డెన్‌స్టేట్ జట్టునకిచ్చి, మాఱుగా రాబర్ట్ పారిష్‌ను, మూడవ వంతును పుచ్చుకొనెను. ఆ మూడవ వంతున కెవిన్ మెక్‌హేల్ వచ్చెను. ఈ మువ్వురితో బాస్టన్ 1981లోను, 1984లోను, 1986లోను గెలిచెను.

1986 జూన్ 8న విజయము. జూన్ 17న డ్రాఫ్టు. ఆనాటికి అడుగుజట్ల వంతులను చీట్లు వేసి నిర్ణయించు పద్ధతి వచ్చియుండెను. రెండేండ్లకు ముందు ఒక ఆటగానిని సియాటిల్‌నకిచ్చి బాస్టన్ సంపాదించుకొన్న హక్కు చీట్లలో రెండవ వంతుగా తేలెను. విజేతకు రెండవ వంతు దక్కుట అరుదైన భాగ్యము. ఔర్‌బాక్ దానిని మేరీలండ్ విశ్వవిద్యాలయపు లెన్ బయాస్ అను ఇరువది రెండేండ్ల యువకుని కొఱకు వినియోగించెను. ఈ యెన్నికలో తొందర లేదు. ఆ విశ్వవిద్యాలయము ఔర్‌బాక్ నివసించు వాషింగ్టన్‌కు కొలది మైళ్ళ దూరమున నున్నది. బయాస్ తన ప్రాంతీయ కళాశాలలన్నిటిలోను రెండేండ్లు వరుసగా ఉత్తమ ఆటగాడుగా ఎన్నికైనవాడు. ముందుగా జరిపిన వైద్యపరీక్షలలో దోషమేదియు కనబడలేదు. తెలిసికొనదగినదంతయు తెలిసికొనియే తీసికొనిరి.

జూన్ 18న బయాస్ తండ్రితో బాస్టన్‌లో గడపి, రాత్రికి మేరీలండ్ చేరెను. మిత్రులతో కూడి తెల్లవాఱుజామున కొకైన్ అను మాదకద్రవ్యమును సేవించి కుప్పకూలెను. జూన్ 19 ఉదయమున ఆసుపత్రిలో మరణించెను. ఎన్నికైన నాటికిని మరణమునకును నడుమ రెండే దినములు. జట్టు దుస్తులు ధరించి ఒక్క పోటీయైన ఆడలేదు. కూజీకి, రస్సెల్‌నకు, హావ్లిచెక్‌నకు ఎన్నిక పిదప పెద్దల నీడయు, నిలువ చోటును దొరకెను. ఈ యువకునకు ఆ నీడ చేరువరకైన ఆయువు లేకపోయెను.

ఆ యేటి డ్రాఫ్టు పరీక్షకులందఱకును గుణపాఠము. మొదటి యేడుగురిలో బయాస్ పోగా, మఱి యిద్దఱు కాలక్రమమున మాదకద్రవ్యముల కారణమున సంఘము నుండి బహిష్కృతులైరి. కాగా రెండవ విడతలో 27వ వాడుగా డెట్రాయిట్ తీసికొన్న డెనిస్ రోడ్మన్ ఒకప్పుడు విమానాశ్రయమున ఊడ్చు పని చేసినవాడు. అతడు జాఱిన బంతిని పట్టుటలో ఏడేండ్లు వరుసగా ప్రథముడై కీర్తిమందిరమున చేరెను. ఒకే దినమున, ఒకే గదిలో, అవే కన్నులు చూచిన ఫలితములివి.

బయాస్ మరణము ఆట హద్దులు దాటి దేశమును కలచెను. ఆ యేడు అక్టోబరులోనే మాదకద్రవ్యములపై కఠినశిక్షలు విధించు చట్టము వెలువడెను. బాస్టన్‌కు 2008 వఱకు మఱల విజయము లేదు. కాని యీ నష్టములను లెక్కించువారు మఱవరానిది మఱొకటి గలదు. జట్టు పోగొట్టుకొన్నది ఒక వంతును. తల్లి పోగొట్టుకొన్నది కొడుకును. 1990లో రెండవ కుమారుడును తుపాకికి బలికాగా, ఆ తల్లి లోనీస్ బయాస్ దుఃఖమును దిగమ్రింగి, పాఠశాల పాఠశాలకు పోయి మాదకద్రవ్యముల కీడును బాలబాలికలకు బోధించెను.

డ్రాఫ్టులో చేరువారి వయస్సు నానాటికి తగ్గుటయు ఔర్‌బాక్ చూచెను. మొదట పాఠశాల విడిచిన నాలుగేండ్ల వఱకు ఎవరిని తీసికొనరాదను నియమముండెను. 1971లో స్పెన్సర్ హేవుడ్ వ్యాజ్యముతో అది సడలెను. 1975లో పాఠశాల నుండి తిన్నగా బాలురు ఎన్నికైరి. 2001లో మొదటి వంతే పాఠశాల బాలునకు దక్కెను. వారిలో కీర్తి శిఖరమెక్కినవారును గలరు, భారము మోయలేక క్రుంగినవారును గలరు. 2005లో సంఘమును ఆటగాండ్రును ఒడంబడి పందొమ్మిదేండ్ల వయోనియమము నేర్పఱచిరి. వయస్సు ఎంత తగ్గినచో అంచనా అంత అస్థిరము. జూదములోని పందెము మాత్రము ఒక బాలుని బ్రతుకు.

ఔర్‌బాక్ 2006 అక్టోబరు 28న తన ఎనుబది తొమ్మిదవ యేట వాషింగ్టన్‌లో కన్నుమూసెను. ఏటేట ఉత్తమ శిక్షకునకిచ్చు బహుమానము నేటికిని ఆయన పేరుతోనే వెలయుచున్నది. ఆయన విజయములను చెప్పు గ్రంథములకు కొదువ లేదు. కాని విద్యార్థిలోకమునకు ఆయన జీవితము చెప్పునది గెలుపు లెక్క కంటె పెద్దది. కూజీని కాదనినవాడును, బయాస్‌ను అవుననినవాడును ఆయనయే. మొదటిది చూపులోని లోపము. కాలము దానిని దిద్దెను. రెండవదానిలో చూపునకు లోపము లేదు. దిద్దుటకు కాలమే మిగులలేదు. కావున యువకుని ప్రతిభను గుర్తించుటతో పెద్దల బాధ్యత ముగియదు, అచటనే మొదలగును. ఆ రాత్రి గడచిన పిదప ఆ ప్రతిభ నిలుచునా లేదా యనునది ఒరగల్లు చెప్పజాలదు. దానిని కాచికొనవలసినది యువకుడు. కాచుట నేర్పవలసినది ఆతని చుట్టునున్నవారు.